బ్యాంకులు కలిసిపోతే మన క్రెడిట్ కార్డు ఏమవుతుంది?

బీరువా సర్దుతుంటే పాత పాస్‌బుక్కుల మధ్య ఆంధ్రా బ్యాంకు పేరున్న కార్డు బయటపడటం మన ఇళ్లలో కొత్త కాదు. బరంపురం, చెన్నై, బెంగళూరు లాంటి చోట్ల రెండు మూడు తరాలుగా ఉంటున్న చాలా తెలుగు కుటుంబాలకు అది వట్టి బ్యాంకు కాదు. కౌంటరు అవతల మనిషితో మన మాటలో మాట్లాడగలిగిన చోటు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆ బ్యాంకు మన దేశంలో క్రెడిట్ కార్డులు తెచ్చిన తొలి బ్యాంకుల్లో ఒకటి. 1981లోనే కార్డు ఇచ్చింది. మన పెద్దవాళ్లలో కొందరు క్రెడిట్ కార్డు అనే వస్తువును మొదట చూసింది అక్కడే.

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు రెండూ యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయాయి. అదే రోజు సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో, అలహాబాద్ బ్యాంకు ఇండియన్ బ్యాంకులో కలిశాయి. దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్న వారం అది. ఎవరికి పట్టింది? అంతకు ఏడాది ముందు, 2019 ఏప్రిల్ 1న, విజయా బ్యాంకు బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిసింది. అదే 2020 నవంబరులో లక్ష్మీ విలాస్ బ్యాంకు డీబీఎస్ చేతికి వెళ్లింది. ఇక బెంగళూరు, చెన్నై, పుణేల్లో ఉద్యోగాలు చేసే మన పిల్లల్లో సిటీ బ్యాంకు కార్డు ఉన్నవాళ్లు ఒకరోజు యాక్సిస్ బ్యాంకు ఖాతాదారులయ్యారు. కర్ణాటకలో ఉన్నా, తమిళనాడులో ఉన్నా, ఒడిశాలో ఉన్నా ఇందులో ఏదో ఒకటి మన గడప తొక్కే ఉంటుంది.

పొదుపు ఖాతా సంగతి అందరూ పట్టించుకుంటారు, ఎందుకంటే అందులో మన డబ్బు ఉంటుంది. కార్డు సంగతి వదిలేస్తారు. నిజానికి జాగ్రత్త ఎక్కువ అవసరమైనది కార్డు విషయంలోనే. ఖాతాలో పొరపాటు జరిగితే డబ్బు కొన్నాళ్లు ఆలస్యమవుతుంది. కార్డులో పొరపాటు జరిగితే వడ్డీ పడుతుంది, లేటు ఫీజు పడుతుంది, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఆరు నెలల తర్వాత ఇంటి లోను అడగడానికి వెళ్లినప్పుడు ఆ దెబ్బ తెలుస్తుంది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. బ్యాంకు మూతపడింది కదా, పాత బాకీ కట్టక్కర్లేదు అనుకునేవాళ్లు ఉన్నారు. విలీనమంటే మూసివేత కాదు. పాత బ్యాంకుకు మనం ఇవ్వాల్సింది, అది మనకు ఇవ్వాల్సింది రెండూ కొత్త బ్యాంకుకు వెళ్తాయి. కార్డు మీద ఉన్న బాకీ, నడుస్తున్న ఈఎంఐ, ఎక్కువ కట్టిన డబ్బు, ఇంకా తేలని ఫిర్యాదు, అన్నీ. వీటి కోసం మనం మళ్లీ దరఖాస్తు పెట్టుకోనక్కర్లేదు.

రెండో సంగతి తేదీలది. బ్యాంకు చట్టప్రకారం చేతులు మారిన రోజు వేరు, మన కార్డు మారే రోజు వేరు. సిటీ విషయమే చూడండి. కొనుగోలు ప్రకటన వచ్చింది 2022 మార్చి 30న. వ్యాపారం యాక్సిస్ చేతికి వచ్చింది 2023 మార్చి 1న. కార్డులు యాక్సిస్ వ్యవస్థలోకి మారింది 2024 జూలై 15న. అంటే పదహారు నెలలకు పైగా యజమాని ఒకరు, కార్డు మీద పేరు ఇంకొకరిది. ఆ తర్వాత సిటీ ప్రీమియర్‌మైల్స్ ఉన్నవారికి యాక్సిస్ హొరైజన్, సిటీ ప్రెస్టీజ్ ఉన్నవారికి ఒలింపస్, ఇలా ఒక్కో పాత కార్డుకు ఒక్కో కొత్త కార్డు జత కుదిర్చారు. పేపర్లో విలీనం వార్త చదివిన రోజున కార్డు కత్తిరించి పారేయకూడదని చెప్పడానికే ఇదంతా. బ్యాంకు నుంచి ఫలానా తేదీ అని ఉత్తరం గానీ మెసేజీ గానీ వచ్చేదాకా పాత కార్డు పాత కార్డే.

ఆ తేదీ వచ్చినప్పుడు మారేవి చాలా ఉంటాయి. మొదటిది నంబరు. కార్డు నంబరులో మొదటి కొన్ని అంకెలు ఏ బ్యాంకు ఇచ్చిందో చెప్పే గుర్తు. కొన్నాళ్లు పాత గుర్తునే నడిపినా, కొత్త కార్డు పంపేటప్పుడు నంబరు, గడువు తేదీ, వెనక ఉండే సీవీవీ మారడం మామూలే. నంబరు మారితే దానికి కట్టిన తాళ్లన్నీ తెగిపోతాయి. కరెంటు బిల్లు, ఫోను రీచార్జి, సినిమా యాప్‌లు, ఇన్సూరెన్స్ ప్రీమియం, ఇవన్నీ కార్డు మీద ఆటో డెబిట్ పెట్టుకున్నవాళ్లకు ఇక్కడే తగులుతుంది. 2022 అక్టోబరు నుంచి దుకాణాలు, యాప్‌లు మన కార్డు నంబరును తమ దగ్గర దాచుకోవడానికి వీల్లేదు. దాని బదులు టోకెన్ ఒకటి ఉంచుకుంటాయి. కొత్త కార్డుకు ఆ టోకెన్, ఆ ఆటో డెబిట్ అనుమతి మళ్లీ మనమే ఓటీపీతో ఇవ్వాల్సి రావచ్చు.

మా అనుభవమే చెబుతాం. మా ఇంట్లో ఆరోగ్య బీమా ప్రీమియం ఒక కార్డు మీద ఆటో డెబిట్‌లో ఉండేది. బ్యాంకు మారింది, కొత్త కార్డు వచ్చింది, పిన్ పెట్టుకున్నాం, పని అయిపోయిందనుకున్నాం. ప్రీమియం కట్టలేదన్న మెసేజీ మెయిల్‌లో ఎక్కడో అడుగున పడి ఉంది. గ్రేస్ గడువులో ఇంకా నాలుగు రోజులు ఉండగా చూశాం కాబట్టి పాలసీ నిలిచింది. అప్పటినుంచి ఒక పని చేస్తున్నాం: కార్డు మారబోతోందని తెలిసిన వెంటనే గత పన్నెండు నెలల స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని, వాటిలో తిరిగి తిరిగి వచ్చే పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుంటున్నాం. పన్నెండు నెలలు ఎందుకంటే ఏడాదికి ఒకసారి వచ్చేవే మనల్ని ముంచేవి.

రెండోది బిల్లు కట్టే దారి. చాలామంది కార్డు బిల్లును ఇంకో బ్యాంకు ఖాతా నుంచి నెఫ్ట్ ద్వారా కడతారు. అందులో కార్డు ఇచ్చిన బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీ కోడు వాడతారు. ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు పాత కోడులు 2021 ఏప్రిల్ 1 నుంచి చెల్లలేదు. సిండికేట్ కోడులు ఆ ఏడాది జూలై 1 నుంచి చెల్లలేదు. లక్ష్మీ విలాస్ కోడులు 2022 ఫిబ్రవరి 28 నుంచి మారాయి. చెల్లని కోడుతో పంపిన డబ్బు తిరిగి మన ఖాతాకే వస్తుంది, ఎక్కడికీ పోదు. అయితే అది తిరిగొచ్చేలోపు డ్యూ డేట్ దాటిపోతుంది. కాబట్టి మార్పు జరిగిన మొదటి నెల బిల్లు కనీసం వారం ముందే కట్టి, అది కార్డులో జమ అయిందో లేదో కళ్లతో చూసుకోవాలి. గడువు దాటినా మూడు రోజులకు మించి బాకీ ఉంటేనే లేటు ఫీజు వేయాలనీ, క్రెడిట్ సంస్థలకు బాకీదారుగా చెప్పాలనీ రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఆ మూడు రోజుల మీద నమ్మకం పెట్టుకోమని మాత్రం చెప్పం.

బిల్లు తేదీ కూడా మారవచ్చు. జీతం ఒకటో తేదీన వచ్చే ఇంటికి ఇరవై ఆరున డ్యూ డేట్ పడితే ఇబ్బందే. కార్డు బిల్లు తేదీని కనీసం ఒకసారి మనకు అనువుగా మార్చుకునే హక్కు ఉంది. అడగాలంతే. చాలామందికి ఇలాంటిది ఉందనే తెలియదు.

పాయింట్ల గురించి ఎక్కువ చెప్పం. పాత బ్యాంకులో ఒక పాయింటు విలువ, కొత్త బ్యాంకులో ఒక పాయింటు విలువ ఒకటి కాకపోవచ్చు, గడువూ మారవచ్చు. పాత స్టేట్‌మెంటులో ఉన్న పాయింట్ల సంఖ్యను ఫొటో తీసి పెట్టుకుంటే చాలు. కుక్కరు కోసమో మిక్సీ కోసమో ఏళ్లతరబడి కూడబెడుతున్నవాళ్లు మార్పుకు ముందే వాడేసుకోవడం మంచిది.

ఇప్పుడు అసలు చిక్కు. ఒకే మనిషికి కలిసిన రెండు బ్యాంకుల్లోనూ కార్డులు ఉంటే? ఆంధ్రా బ్యాంకులో ఒకటి, యూనియన్ బ్యాంకులో ఒకటి అనుకుందాం. ఇప్పుడు ఇద్దరు అప్పులవాళ్లు లేరు, ఒక్కరే. ఒక మనిషికి మొత్తం ఎంత లిమిట్ ఇవ్వవచ్చో ప్రతి బ్యాంకుకూ ఒక లెక్క ఉంటుంది. కాబట్టి రెండు లిమిట్లను కలిపి చూస్తారు. కొన్నిచోట్ల రెండు కార్డులూ ఒకే లిమిట్ పంచుకునేలా మారుస్తారు, కొన్నిచోట్ల ఒకటి తగ్గిస్తారు. మనకు ఉన్న దారులు ఇవి: రెండూ ఉంచుకోవడం, ఒకదాని లిమిట్‌ను రెండోదానికి కలిపించి మొదటిది మూయించడం, కార్డు రకం మార్పించుకోవడం, ఏదీ వద్దనుకుంటే సరెండరు చేయడం.

మూయించేటప్పుడు వరుస ముఖ్యం. ఉదాహరణకు ఒక కార్డు లిమిట్ లక్ష, ఇంకోదాని లిమిట్ లక్షన్నర అనుకోండి. నెలకు మీ వాడకం అరవై వేలు. రెండున్నర లక్షల్లో అరవై వేలంటే 24 శాతం. లక్ష లిమిట్ ఉన్న కార్డును ఊరికే మూసేస్తే, లక్షన్నరలో అరవై వేలు, అంటే 40 శాతం. మీరు ఒక్క రూపాయి ఎక్కువ ఖర్చు పెట్టలేదు, అయినా స్కోరు లెక్కించేవాళ్ల కంటికి అప్పు మీద ఎక్కువ ఆధారపడుతున్న మనిషిలా కనబడతారు. అదే లిమిట్‌ను ముందు రెండో కార్డుకు కలిపించి ఆ తర్వాత మూయిస్తే 24 శాతమే నిలుస్తుంది. కాబట్టి ముందు లిమిట్ కలిపించండి, అది యాప్‌లో కనబడ్డాక మూయించండి. లిమిట్ కలపడం అన్ని బ్యాంకులూ చేయవు. చేయకపోతే, ఇంటి లోనో పిల్లల చదువు లోనో దగ్గర్లో ఉంటే, ఆ పని అయ్యేదాకా ఏదీ మూయకపోవడమే మేలని మా అభిప్రాయం. ఏ కార్డు పాతదో కూడా చూడాలి. తండ్రి పేరున పాతికేళ్లుగా సక్రమంగా కట్టిన కార్డు ఉంటే, ఏటా ఫీజు లేకపోతే, దాన్ని ఉంచడమే లాభం.

ఇక్కడ మన కుటుంబాలకు ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి ఒకటి ఉంది. పేర్లు. హోసూరులోనో కృష్ణగిరిలోనో స్కూల్లో పేరు రాయించినప్పుడు తమిళనాడు పద్ధతిలో తండ్రి పేరు పొడి అక్షరం ముందు పెడతారు. అదే మనిషికి బెంగళూరులో ఖాతా తెరిచినప్పుడు ఇంటిపేరు పూర్తిగా రాస్తారు. సోలాపూర్, భివండి వైపు మరాఠీ పద్ధతిలో తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు వరుసగా వస్తాయి. ఒక్కరే మనిషి, మూడు బ్యాంకుల్లో మూడు పేర్లు. బ్యాంకులు కలిసినప్పుడు కంప్యూటరు పాన్ నంబరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు, పేరు పోల్చి ఈ ఇద్దరూ ఒకరేనా అని చూస్తుంది. పేరు కుదరక, పాన్ పాత ఖాతాకు ఎక్కించక పోతే ఇద్దరు మనుషులుగానే మిగులుతారు. అప్పుడు యాప్‌లో ఒక కార్డే కనబడుతుంది, రెండోదాని బిల్లు ఎప్పుడో వదిలేసిన పాత ఊరి అడ్రసుకు పోతూ ఉంటుంది. కార్డు మీద కొద్దిగా బాకీ ఉన్నా చాలు, వడ్డీ పెరుగుతూ పోతుంది. పాన్, ఆధార్ తీసుకుని బ్రాంచికి వెళ్లి, నా పేరున ఎన్ని కస్టమర్ ఐడీలు ఉన్నాయని అడగండి. ఒకటి కంటే ఎక్కువ ఉంటే కలపమని రాసివ్వండి, రాసిచ్చిన కాగితం మీద ముద్ర వేయించుకోండి. విలీనం అయిన ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ పని చేయించుకోవచ్చు.

యాడ్-ఆన్ కార్డులు కూడా చూసుకోవాలి. నాన్నగారి కార్డు మీద అమ్మకో పిల్లలకో ఇచ్చినవి. వాటి బాకీకి బాధ్యత అసలు కార్డుదారుడిదే. మార్పులో ఇవి కొత్తవి రాకపోవచ్చు, విడిగా అడగాలి. అసలు కార్డుదారు పోయిన తర్వాత యాడ్-ఆన్ కార్డు వాడుతూ ఉండకూడదు. మరణ ధ్రువపత్రం ఇచ్చి మూయించాలి.

మన హక్కుల గురించి కొంచెం. క్రెడిట్ కార్డుల మీద రిజర్వ్ బ్యాంకు 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాలు ఆ ఏడాది జూలై నుంచి అమల్లోకి వచ్చాయి. విలీనం అయినప్పుడు మనకు పనికొచ్చేవి అందులో చాలా ఉన్నాయి. ఛార్జీలు మార్చాలంటే కనీసం నెల రోజుల ముందు చెప్పాలి. ఆ మార్పు మనకు నష్టమనిపించి కార్డు వదిలేస్తామంటే, బాకీ కట్టేస్తే చాలు, మూసినందుకు అదనంగా ఏమీ తీసుకోకూడదు. మనం అడగకుండా పైరకం కార్డు అంటగట్టి దానికి ఫీజు వేయకూడదు. వేస్తే ఆ ఫీజు వెనక్కి ఇవ్వడమే కాదు, దానికి రెట్టింపు జరిమానా కూడా మనకు ఇవ్వాలి. మన ఒప్పుదల లేకుండా లిమిట్ పెంచకూడదు. కార్డు మూయమని అడిగితే, బాకీ లేకపోతే, ఏడు పనిదినాల్లో మూయాలి. మూయకపోతే ఆ తర్వాత రోజుకు 500 రూపాయల చొప్పున మనకు ఇవ్వాలి. కార్డులో మన డబ్బు మిగిలి ఉంటే అది మన బ్యాంకు ఖాతాకు రావాలి.

బ్యాంకు మారడం వేరు, కార్డు రకం పెంచడం వేరు అన్నది గుర్తుంచుకోండి. మొదటిదానికి మన అనుమతి అడగరు. రెండోదానికి అడగాలి. ఫోనులో గబగబా మాట్లాడి, సార్ మీ కార్డు అప్‌గ్రేడ్ చేస్తున్నాం, ఓటీపీ చెప్పండి అంటే అక్కడ ఆగి, ఏటా ఫీజు ఎంత అని అడగండి. కొత్త కార్డు వచ్చి ముప్పై రోజులైనా మీరు వాడకం మొదలుపెట్టకపోతే, బ్యాంకు ఓటీపీతో మీ ఒప్పుదల తీసుకోవాలి. మీరు ఒప్పుకోకపోతే ఖర్చేమీ లేకుండా ఆ కార్డు ఖాతా మూసేయాలి.

దొంగలకు విలీనం పండగ లాంటిది. మీ బ్యాంకు కలిసిపోయింది, ఈ రాత్రికి కార్డు బ్లాక్ అవుతుంది, ఈ లింకు నొక్కండి అని ఫోను వస్తుంది. వార్త నిజమే కాబట్టి మనిషి నమ్ముతాడు. పైగా తెలుగులోనే మాట్లాడతారు, ఏళ్లుగా పరాయి భాషలో బ్యాంకుతో గింజుకున్న మన పెద్దవాళ్లకు ఆ మాటే తియ్యగా వినబడుతుంది. ఓటీపీ, పిన్, సీవీవీ ఏ బ్యాంకు ఉద్యోగీ అడగడు. బ్యాంకుల వెబ్‌సైట్లు ఇప్పుడు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చివరతో ఉంటాయి. 2025 అక్టోబరు చివరికల్లా అలా మారాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. మోసపోతే వెంటనే 1930కి ఫోను చేయాలి, బ్యాంకుకూ చెప్పాలి. మన తప్పు లేకుండా బయటివాళ్ల వల్ల డబ్బు పోతే, మూడు పనిదినాల్లో చెబితే నష్టం మన మీద పడదు. ఓటీపీ మనమే చెప్పి ఉంటే ఆ రక్షణ ఉండదు.

మార్పు అయిన రెండు మూడు నెలలకు సిబిల్ రిపోర్టు తీసి చూడండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్, ఈ నాలుగూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. పాత బ్యాంకు పేరున కార్డు ఇంకా నడుస్తున్నట్టు, కొత్త బ్యాంకు పేరున అదే కార్డు మళ్లీ ఉన్నట్టు కనబడితే ఒకే అప్పు రెండుసార్లు లెక్కలోకి వస్తోందన్నమాట. కట్టేసిన బాకీ ఇంకా ఉన్నట్టు కనబడవచ్చు. సరిచేయమని ఫిర్యాదు పెట్టాక ముప్పై రోజుల్లో తేల్చకపోతే, ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నియమం ఉంది.

భాష సంగతి ఒకటి మిగిలింది. కార్డు నిబంధనలు వీలైనంతవరకు ఇంగ్లీషు, హిందీ, స్థానిక భాషల్లో ఉండాలని ఆ 2022 ఆదేశాలే చెప్పాయి. యానాంలో స్థానిక భాష తెలుగే కాబట్టి అక్కడివాళ్లు గట్టిగా అడగవచ్చు. కోలారులో స్థానిక భాష కన్నడ, పర్లాకిమిడిలో ఒడియా. అక్కడ బ్యాంకు తెలుగు కాగితం ఇవ్వదు. ఫిర్యాదు విషయం వేరు. బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పి ముప్పై రోజులైనా జవాబు రాకపోతే, లేదా ఇచ్చిన జవాబు నచ్చకపోతే, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. చండీగఢ్‌లోని రిజర్వ్ బ్యాంకు కేంద్రానికి ఉత్తరం ద్వారా గానీ మెయిల్ ద్వారా గానీ పంపే ఫిర్యాదు ఏ భాషలోనైనా ఉండవచ్చు. తెలుగులో రాస్తే సరిపోతుంది. ఎలా రాయాలో తెలియకపోతే 14448కి ఫోను చేయండి, తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు. ఫోను చేసే ముందు బ్యాంకుకు ఇచ్చిన ఫిర్యాదు నంబరు, తేదీ, కార్డు నంబరులో చివరి నాలుగు అంకెలు దగ్గర పెట్టుకోండి. మొత్తం కార్డు నంబరు అక్కడ కూడా చెప్పనక్కర్లేదు.